తొమ్మిదే ఎక్కువ

ఈ నెల సిలిండరును ముందు దర్వాజ మెట్ల మీద దింపారు. హారను విని కిటికీలోంచి చూస్తే ట్రాలీ ఆటో పక్కన ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. నడివయసు వాడు.

“ఇక్కడ కాదు. సందులకెల్లి వెనక దర్వాజకు తేవాలె” అన్నాను.

“గంత దూరం ఎవరు మోస్తరు సార్, ముంగట గింత పెద్ద దర్వాజ పెట్టుకొని?”

“ఎప్పుడూ వచ్చేటాయన తెస్తడు. ఆయనేడి?”

“ఆయన లేడు సార్. పోయి పదిరోజులాయె. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే కూలిండట. మీకు ఎరుకలేదా?”

ఎరుకలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక తల మాత్రం ఊపాను. అతను ఆటో ఎక్కి, “ఖాళీది రేపొచ్చి తీస్కపోత, జర ముంగట పెట్టించుండ్రి” అని వెళ్లిపోయాడు.

మా ముందు దర్వాజ టేకుది. ఇత్తడి బొడిపెలు ఉంటాయి. నాన్నగారి శవం అందులోంచి వెళ్లిన తర్వాత దాన్ని తీయలేదు. పెళ్లికో, చావుకో, ఇంటికి తగిన మనిషి వచ్చినప్పుడో తీయాలన్నది మా ఇంటి పద్ధతి. పెళ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు వెళ్లిపోయాయి. తగిన మనిషి రాలేదు. నేనూ నా భార్యా కూడా సందులోంచే తిరుగుతాం.

కాబట్టి నేనే సందులోంచి వెళ్లి ముందుకొచ్చి, సిలిండరును అడుగంచు మీద వంచి, దొర్లించుకుంటూ వెనక్కి తీసుకెళ్లాను. సందు మా ఊరి ఖిల్లా వైపు వాలు. రెండు మలుపులు. రెండో మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాను. అడుగులు లెక్కపెట్టాను. నూట నలభై మూడు. పదకొండు పదమూళ్లు.

ఇలా లెక్కపెట్టిన ప్రతిదాన్నీ విరిచి చూసే అలవాటు నాకు ఉండేది కాదు. ఆ పోయిన మనిషే అంటించాడు.

*

మా ఇంట్లోకి గ్యాసు ఆలస్యంగా వచ్చింది. వంటచెరకు మా పొలాల గట్ల నుంచే వచ్చేది. పాపన్నపేట వైపు ఉన్న భూమి మొదట ముగ్గురన్నదమ్ముల మధ్య, తర్వాత వాళ్ల కొడుకుల మధ్య, ఆ తర్వాత వకీళ్ల మధ్య ముక్కలైంది. ఇల్లూ ముక్కలైంది. మా చిన్నాన్న కొడుకు తన వంతు పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణాలు కట్టాడు. నా వంతుకు ముందు హాలు, వంటిల్లు, నడుమ వాకిలి, ఆ దర్వాజ వచ్చాయి. ఆఖరి పంపకం కాగితం మీద సంతకం పెట్టిన నెలలోనే గ్యాసు కనెక్షన్ కూడా వచ్చింది. మా వంశం గురించి రాయడానికి ఇది చోటు కాదు. ఆ నెలలో నా మనసు ఎలా ఉందో తెలియడానికి ఇంతవరకు చాలు.

మొదటి సిలిండరు తెచ్చింది అతనే. భుజం మీద తువ్వాల చుట్టగా పెట్టుకొని, దాని మీద సిలిండరును అడ్డంగా మోసుకుంటూ వచ్చాడు. దింపాక గ్యాసు పుస్తకం అడిగాడు. అట్ట మీద మా నంబరు చూసి అక్కడే ఆగిపోయాడు. పెదవులు కొంచెం కదిలాయి. తర్వాత నవ్వాడు.

“మంచి నంబర్ వచ్చింది సార్ మీకు.”

988027. అందులో మంచేమిటో నాకు కనబడలేదు.

“తొమ్మిది వందల తొంభై నాలుగును అంతతోనే గుణిస్తే ఎంతొస్తదో ఎరుకేనా సార్? తొమ్మిది లక్షల ఎనభై ఎనిమిది వేల ముప్పై ఆరు. మీ నంబర్ కన్న తొమ్మిదే ఎక్కువ.”

“అయితే ఏంది?”

“ఏం లేదు సార్. తొమ్మిదే ఎక్కువ అంటున్న.”

నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనిపించింది. ముఖం చూస్తే అలా లేదు. తువ్వాలతో మెడ తుడుచుకొని అసలు మాట అడిగాడు.

“వచ్చేపారి ముంగట దర్వాజకెల్లి తేవచ్చా సార్? సందులకెల్లి చానా దూరమైతుంది.”

“బరువులు మోసేటోళ్లకు ఆ దర్వాజ తెరువం. ఇంటి పద్ధతి.”

వేరేవాడైతే ఏదో ఒకటి అనేవాడు, లేదా తల దించుకొని వెళ్లిపోయేవాడు. అతను ఆ రెండూ చేయలేదు. పుస్తకం అట్ట వైపు మళ్లీ చూశాడు.

“గీ నంబర్ విరిగితే తెరుస్తరా?”

విరగడమంటే ఏమిటని అడిగాను. “ఇంకో నంబర్‌తోని భాగం పోవుడు సార్, శేషం సున్న వచ్చుడు. నంబర్లు రెండు తీర్లు. కొన్ని విరుగుతయి. కొన్ని ఒక్కటితోని, తమతోని తప్ప ఇంకెవ్వలతోని విరుగయి. గవి మొండివి.” బడిలో చదివిన ప్రధాన సంఖ్యల గురించే చెబుతున్నాడని అర్థమైంది.

అన్నీ విరిగిపోయిన నెల అది. నాకు తెలియకుండానే గొంతు పెరిగింది.

“మా ఇంటికొచ్చిన నంబర్ విరగదు.”

“విరిగితే?”

“విరిగితే ముందు దర్వాజ నా చేత్తోనే తెరుస్త.”

“మాటేనా సార్?”

“మా ఇంట్ల మాటంటే మాటే.”

అతను ఒక షరతు పెట్టాడు. భాగహారం నేనే చేయాలి. అతను నంబరు చెబుతాడు. సిలిండరుకు ఒకటి. “నా చేతులకు మసి ఉంటది సార్. పుస్తకం ఖరాబైతది” అన్నాడు. అన్ని నంబర్లతో చేయనక్కర్లేదట, మొండివాటితో చేస్తే చాలట. అవి కూడా తొమ్మిది వందల తొంభై నాలుగు లోపలివే. మా నంబరు రెండు ముక్కలయ్యేదే అయితే, ఒక ముక్క అంతకన్నా చిన్నదై తీరాలి. రెండూ పెద్దవైతే గుణిస్తే దాటిపోతుంది.

“గసొంటివి ఎన్నున్నయి?”

“నూట అరవై ఏడు సార్.”

అప్పటికే నా భార్య ఆర్డర్ల మీద సకినాలు, మురుకులు చేయడం మొదలుపెట్టింది. నెలకొక సిలిండరు ఖర్చయ్యేది. మనసులో లెక్కవేశాను.

“పద్నాలుగేండ్లు పడుతది.”

“సిలిండర్ మోసుడు ఎట్లైనా ఉన్నదే కద సార్” అన్నాడు.

*

మొదటి నెల రెండుతో చేయించాడు. ఏడుతో ముగిసే నంబరు రెండుతో పోదని ఎవరికైనా తెలుసు. ఆ మాటే అన్నాను.

“చూసి చెప్పుడు వేరు సార్, చేసి చెప్పుడు వేరు. చేయుండ్రి.”

చేశాను. శేషం ఒకటి. మరుసటి నెల మూడు. మళ్లీ ఒకటి. తర్వాత ఐదు, ఏడు, పదకొండు. పదమూడుకు మళ్లీ ఒకటి. గ్యాసు పుస్తకంలో గళ్లు నిండిపోయాక తెల్లకాగితాలు మడిచి పురికొసతో కుట్టాను. ఇప్పుడది నిఘంటువంత లావుంది.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. సిలిండరు దింపి, మూత తీసి, సబ్బునీళ్లు రాసి బుడగ వస్తుందేమో చూసేవాడు. తర్వాత తువ్వాల దులిపి వెనక గడప అవతల నిలబడి నంబరు చెప్పేవాడు. నేను కుర్చీలో కూర్చొని పుస్తకం మోకాలి మీద పెట్టుకొని చేసేవాణ్ణి. అతను నిలబడే ఉండేవాడు. కూర్చోమని నేను అనలేదు. అతను అడగలేదు. నేను ఎక్కడైనా తప్పు చేస్తే అతనికి దగ్గు వచ్చేది. “ఆ ఏడు కింద ఒకపారి చూడుండ్రి సార్” అనేవాడు. పుస్తకం నా మోకాలి మీద, నా వైపు తిరిగి ఉండేది. అంత దూరం నుంచి, తలకిందులుగా ఉన్న అంకె అతనికెలా కనబడేదో నేను ఆలోచించలేదు.

చర్చి వెనక సందులో ఉండేవాడు. పదో తరగతి దాకా చదివాడు. లెక్కలు ఎవరు నేర్పారని ఒకసారి అడిగాను.

“పాటల పలక నేర్పింది సార్. చర్చిల ఆ దినం పాడే పాటల నంబర్లు పలక మీద పెడుతరు. పాస్టరయ్య ప్రసంగం చెప్తుంటె నేను గవి విరగ్గొట్టుకుంట కూసునేది. మొన్న ఐతారం మూడు పాటలు మూడూ మొండివే. కండ్లు మూసుకొని కూసున్న. మా ఆమె నాకు భక్తి ముదిరిందనుకున్నది.”

అలా కళ్లు మూసుకునే, వెయ్యి లోపల మొండివన్నీ నేర్చుకున్నాడట.

నా భార్య అతనికి చాయ్‌తో పాటు విరిగిన సకినాలు పెట్టేది. విరిగినవి ఆర్డరుకు పనికిరావు. “విరిగినయే రుచి ఉంటయమ్మా” అని తినేవాడు. ఇంట్లో నూనె కాగుతున్న వాసన గురించి, మూలన పేర్చిన డబ్బాల గురించి ఎన్నడూ ఒక్క మాట అడగలేదు. ఆ డబ్బాలను నేను ఎన్నడూ దుకాణానికి మోయలేదు. అదీ అతనికి తెలిసే ఉంటుంది.

ఐదో ఏట రెండు వందల ముప్పై తొమ్మిది వచ్చింది. శేషం ఒకటి.

“అబ్బ! ఒక్కటి తక్కువుంటె మీ నంబర్ ఇయ్యాల విరుగుతుండె సార్.”

ఆ రోజు నాకు సంతోషమైంది. దాచుకున్నాను. లోపలికి వెళ్లి అతనికి మంచి సకినం ఒకటి పెట్టమని నా భార్యకు చెప్పాను.

“ఏందమ్మా, ఇయ్యాల విరగనిది ఇచ్చిండ్రు?” అని అతను అడగడం వినిపించింది.

“ఏమో, మీ సార్‌నే అడుగు” అంది ఆమె.

అడగలేదు.

అతని తాత మా ఇంటికి కట్టెలు మోశాడని ఒకసారి మాటల మధ్య చెప్పాడు. “గీ సందులకెల్లే తెచ్చేటోడట సార్. అప్పుడు గీ రెండో మలుపు లేకుండెనట.” నిజమే. ఆ మలుపు మా చిన్నాన్న కొడుకు గోడ కట్టాక వచ్చింది. “అంటే మా తాత కన్న నాకే దూరమెక్కువ” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతని తాత మా తాతను దొరా అని పిలిచి ఉండాలి. అతను నన్ను ఒక్కసారి కూడా అలా పిలవలేదు. సార్ అనేవాడు. నేను గమనించాను. గమనించినట్టు కనబడనివ్వలేదు.

ఒక వానాకాలం. సిలిండరు దింపాక వాన పట్టుకుంది. అతను వెనక గడప దగ్గర చూరు కింద నిలబడి మా వాకిలి వైపు చూస్తున్నాడు. వాకిలి నిండా షాబాదు బండలు. పది వరుసలు, వరుసకు పది. ఒక మూల నీళ్ల తొట్టి, మూడు బండల పొడవు, మూడు బండల వెడల్పు జాగా తీసుకుంటుంది.

“తొట్టి జాగ పోను బండలెన్ని సార్?”

“వందలో తొమ్మిది తక్కువ. తొంభై ఒకటి.”

“తొంభై ఒకటి మొండిదేనా?”

కాసేపు ఆలోచించి మొండిదే అన్నాను.

“విరుగుతది సార్. ఏడు పదమూళ్లు. గటు చూడుండ్రి. తొట్టి ఉన్న మూడు వరుసలల్ల, వరుసకు ఏడు బండలున్నయి. గవి లేపి, నిలువుగ తిప్పి, తక్కిన ఏడు వరుసల పక్కన పెట్టుండ్రి. ఏడు వరుసలు, వరుసకు పదమూడు. పదిల మూడు తీస్తే ఏడు. పదికి మూడు కలిపితే పదమూడు. తొట్టి తిన్నది తొమ్మిది.”

చెప్పి, వేలు అలాగే గాలిలో ఉంచి, నా వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

“వాన తగ్గింది” అన్నాను.

“తగ్గింది సార్” అని ఖాళీ సిలిండరు ఎత్తుకొని వెళ్లిపోయాడు.

*

పోయిన నెల తొమ్మిది వందల ఎనభై మూడు. సందులో సిలిండరు దింపిన చప్పుడు రెండుసార్లు వినబడింది. ఇదివరకెప్పుడూ దారిలో దింపేవాడు కాదు. లోపలికి వచ్చాక కూడా గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను చూశాను. కూర్చో అన్న మాట నోటిదాకా వచ్చిందో లేదో ఇప్పుడు చెప్పలేను. రాలేదనుకుంటాను.

శేషం నూట పన్నెండు.

“ఇగ ఒక్కటే మిగిలింది సార్.”

“ఓడిపోయేటట్టున్నవు” అన్నాను. పద్నాలుగేళ్లలో అతనితో నేను వేళాకోళం ఆడింది అదొక్కసారే.

“చూద్దాం సార్.” తువ్వాల భుజాన వేసుకొని, ఖాళీది ఎత్తుకొని, సందులోకి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ముంగట దర్వాజ గొళ్లానికి జర నూనె వేసి పెట్టుండ్రి సార్. ఏండ్లకేండ్లు తీయకపోతిరి, పట్టుకపోయి ఉంటది.”

“విరగని నంబర్‌కు నూనెందుకయ్యా?”

అతను నవ్వుకుంటూ పోయాడు. అతన్ని నేను చూడటం అదే ఆఖరు.

*

సిలిండరు వెనక గడప లోపల పెట్టి, చేతులు కడుక్కొని, పుస్తకం తీశాను. చెప్పే మనిషి లేడు. కానీ సిలిండరు వచ్చింది, కనుక వంతు వచ్చింది. ఏ నంబరో నాకు తెలుసు. తొమ్మిది వందల తొంభై ఒకటి.

9880లో 991 తొమ్మిదిసార్లు. మిగిలింది 961. రెండు దించాను. 9612లో మళ్లీ తొమ్మిదిసార్లు. మిగిలింది 693. ఏడు దించాను. 6937. ఏడుసార్లు వేసి చూశాను. 6937.

శేషం సున్నా.

మళ్లీ చేశాను. మూడోసారి మరో కాగితం మీద చేశాను. దగ్గేవాడు లేడు. సున్నాయే.

991, 997. ఆ రెండింటినీ చూస్తూ కూర్చున్నాను. తొమ్మిది వందల తొంభై నాలుగుకు ఒకటి మూడు తక్కువ, ఒకటి మూడు ఎక్కువ. మూడు మూళ్లు తొమ్మిది. ఎదురుగా వాకిలి, మూలన తొట్టి.

తొమ్మిదే ఎక్కువ సార్, అన్నాడు మొదటి రోజే. పుస్తకం చేతికందుకొని పెదవులు కదిపినంతలో అతనికి తెలిసిపోయింది. ఆ క్షణంలోనే ఆ మాట చెప్పి ముందు దర్వాజ తెరిపించుకోవచ్చు. చెప్పలేదు. నూట అరవై ఆరు సిలిండర్లు సందులోంచే మోశాడు. ఒక్కొక్కటి నూట నలభై మూడు అడుగులు. ఇరవై మూడు వేల ఏడు వందల ముప్పై ఎనిమిది.

లెక్క వచ్చింది. ఇంకేమీ రాలేదు. ఏడుపు రాలేదు. అతని మీద కోపం వస్తుందేమోనని చూశాను. అదీ రాలేదు. నా భార్య వచ్చి అన్నం పెట్టనా అంటే పెట్టమన్నాను, తిన్నాను.

తెల్లారి చర్చి వెనక సందుకు వెళ్లాను. అంతకుముందెన్నడూ వెళ్లలేదు. గ్యాసాయన ఇల్లు ఎక్కడ అని అడిగితే చూపించారు. రేకుల ఇల్లు. అతని భార్య అరుగు మీద కూర్చొని ఉంది. నన్ను ఆమె ఎన్నడూ చూడలేదు. నా చేతిలోని పుస్తకం చూసింది.

“తొమ్మిది లక్షల సారేనా?”

అవునన్నాను.

“లోపలికి రాండ్రి సార్.”

నేను అటూ ఇటూ చూశాను. ఎందుకు చూశానో ఆమెకు అర్థమైంది.

“మా ఇంటికి ఒకటే దర్వాజ సార్” అంది.

లోపలికి వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. కూర్చున్నాను. గోడ మీద అతని ఫోటో ఇంకా పెట్టలేదు. ఫ్రేముకు ఇచ్చారట. పుస్తకం తెరిచి ఆఖరి పేజీ చూపించాను.

“నిన్న విరిగింది.”

“విరిగిందా” అంది. ఆశ్చర్యపోలేదు.

“ఆయనకు ముందే ఎరుకనా?”

“మొదటి దినమే ఎరుక సార్. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్విండు, రెండు ముక్కలు పక్కపక్క ఇండ్ల లెక్క ఉన్నయని.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నేను గూడ కొట్లాడిన సార్. భుజం వాచిపోయి వస్తుండె. ఉప్పు కాపడం పెట్టుకుంట అడిగేదాన్ని, ఒక్క మాట చెప్తె ముంగటకెల్లి తేవచ్చు కదయ్యా అని. ‘నేను చెప్తె మాట ఇచ్చినందుకు తెరుస్తడు, తానే చూసి తెరవాలె’ అనేటోడు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “గట్ల తెరిస్తె ఏంది, గిట్ల తెరిస్తె ఏంది? నాకైతే సమజ్ కాలేదు. మీకైందా సార్?”

ఆమె చాయ్ పెట్టింది. తాగాను. మా కుటుంబంలో ఎవరూ ఎవరి దగ్గరా ఉత్తగా ఏదీ తీసుకోలేదని నాన్నగారు చెప్పేవారు. నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను. పద్నాలుగేళ్లుగా నెలనెలా అతను నాకు ఏదో ఇస్తూ పోయాడు. దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

లేస్తుంటే, వీలైనప్పుడు మా ఇంటికి రమ్మన్నాను. ముందు దర్వాజ నుంచి అని కూడా అన్నాను.

“నేనేం మోసుకొస్త సార్?” అంది.

ఇంటికొచ్చి గొళ్లెం మీద నూనె పోశాను. సకినాల నూనె. గొళ్లెం నిజంగానే పట్టుకుపోయింది. పచ్చడిబండ తెచ్చి కొట్టాల్సి వచ్చింది. చప్పుడుకు నా భార్య పిండి చేతులతో వచ్చింది.

“ఎవరొస్తుండ్రు?”

“ఎవరూ రారు” అన్నాను.

ఒక తలుపు తెరుచుకుంది. రెండోది భుజంతో నెట్టాను. రోడ్డు మీది వెలుతురు హాలు దాటి వాకిలి దాకా పడింది. మధ్యాహ్నం వీధి చివర ఆటో హారను వినబడింది. వంటింట్లోకి వెళ్లి ఖాళీ సిలిండరును చేత్తో పట్టుకొని ఎత్తాను. ఖాళీదైనా బరువే. హాల్లోంచి నడిచి, గడప దాటి, మెట్ల మీద దింపాను.

పందొమ్మిది అడుగులు.